పొగ యాడికి పోతుందిరా?

పోయిన నెల మన కల్యాణ మండపం వంటశాల గురించి వచ్చిన సూచనకు జవాబు రాస్తామని చెప్పి ఇన్నాళ్ళు ఆలస్యం చేశాం. ఊరికే అవుననో కాదనో చెప్పడం ఇష్టం లేక కొంచెం పాత సంగతులు తిరగేశాం. అందుకే ఇది పొడుగైంది. ఓపికగా చదవండి. మేము బడిలో చదివింది అంతా తమిళమే. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక, బెజవాడ వైపు నుంచి వచ్చిన తోటి గుమాస్తా దగ్గర నేర్చుకున్నాం. తప్పులుంటే సర్దుకోండి.

పొంగలు పండుగ వెళ్ళిన వారం మా అబ్బాయి మమ్మల్ని మద్రాసులో ఒక ఖరీదైన హోటలుకు తీసుకుపోయాడు. మేమిద్దరం, అబ్బాయి, ఎనభై ఆరేళ్ళ మా అమ్మ. ఆ హోటలులో గ్యాసు పొయ్యి లేదు. అన్నీ కట్టెల మీద, బొగ్గుల మీద చేస్తారు. ఏ కాలంలో ఏది పండితే అదే వండుతారు. అందుకని వంటకాల పట్టీ కూడా కాలానికి ఒకసారి మారుతుందట. మేము వెళ్ళింది తై నెల కాబట్టి ముందుగా నిప్పుల మీద కాల్చిన తేగలు వచ్చాయి. సన్నగా తరిగి, కొబ్బరి, పచ్చిమిరప కలిపి చిన్న మట్టి మూకుడులో పెట్టారు. తర్వాత బూడిదలో పూడ్చి ఉడికించిన చిలగడదుంప, సజ్జ సంగటి, పచ్చి అనపకాయల పులుసు, రాత్రంతా సన్న సెగ మీద ఉంచిన నాటుకోడి. ఆఖరున తాటిబెల్లం పాకం. అన్నీ బాగున్నాయి, అబద్ధం చెప్పం. సంగటి మాత్రం నిమ్మకాయంత పెట్టారు.

బిల్లు ఏడు వేల ఎనిమిది వందల చిల్లర. మేము 1982లో రైల్వేలో గుమాస్తాగా చేరినప్పుడు మొదటి ఏడాది జీతమంతా కలిపినా ఇంచుమించు ఇంతే. కానీ దాని గురించి కాదు ఈ రాత.

ఆ హోటలులో వంటిల్లు అందరికీ కనపడేలా కట్టారు. అద్దం వెనక మంట, దాని ముందు నలుగురు కుర్రవాళ్ళు. మా అమ్మ తినడం ఆపి ఆ మంటవైపే చూస్తూ ఉంది. రుచి ఎలా ఉందమ్మా అని అబ్బాయి అడిగితే జవాబు చెప్పలేదు. కొంతసేపటికి మావైపు తిరిగి, "ఇంత మంట మండుతోందే, పొగ యాడికి పోతుందిరా?" అంది.

మేము పైకి చూశాం. పొయ్యి మీద పెద్ద రేకు గొడుగు, దాని నుంచి లావుపాటి గొట్టం, లోపల ఫ్యాను. పొగంతా దానిలోకే పోతోంది. మాకు కట్టె వాసన మాత్రమే వస్తోంది. మా అమ్మ ప్రశ్నకు అక్కడే జవాబు చెప్పాం. అయినా ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు.

ఈ కట్టెల వంట ఫ్యాషను ఎలా వచ్చిందో ముందు చూద్దాం. అమెరికాలో బర్క్‌లీ అనే ఊళ్ళో ఆలిస్ వాటర్స్ అనే ఆమె 1971లో షే పనీస్ అనే హోటలు పెట్టింది. చుట్టుపక్కల రైతుల దగ్గర ఆ రోజు ఏది దొరికితే అదే వండడం ఆ హోటలు పద్ధతి. 1980లో మేడ మీద ఇంకొక భాగం తెరిచి అక్కడ కట్టెల పొయ్యి పెట్టారు. స్పెయిన్ దేశం బాస్క్ కొండల్లో, ఆచ్‌పే అనే చిన్న పల్లెలో విక్టర్ ఆర్గిన్‌సోనిస్ 1990లో ఒక హోటలు పెట్టాడు. అక్కడ అన్నీ కట్టె నిప్పుల మీదే. ప్రపంచంలోని గొప్ప హోటళ్ళ వరసలో దాని పేరు చెబుతారు. ఆయన చిన్నప్పటి ఇంట్లో కరెంటు లేదనీ, అమ్మా అవ్వా పొయ్యి మీద వండుతుంటే చూసి నేర్చుకున్నాననీ చెబుతాడట. అంటే అక్కడ కూడా మొదలు ఒక అవ్వ పొయ్యే. మన ఊళ్ళకు ఈ పద్ధతి ఆ దారిన తిరిగి వచ్చింది.

ఇక మద్రాసుకు వద్దాం. ఈ నగరం పొయ్యిల్లోకి కట్టె ఎక్కడి నుంచి వచ్చేదో మనలో చాలామందికి తెలియదు. పెద్ద భాగం తెలుగు నేల నుంచే వచ్చేది. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న శ్రీహరికోట దీవి ఒకప్పుడు దట్టమైన అడవి. అక్కడ కొట్టిన కట్టెలు పడవల మీద బకింగ్‌హాం కాలువ గుండా మద్రాసు చేరేవి. ఆ కాలువను 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వడం మొదలుపెట్టారు. 1876-78 పెద్ద కరువులో కూలి పనిగా దాన్ని ఇంకా పొడిగించి, అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. శ్రీహరికోట అడవిలో ఉండి, ఆ అడవి మీద బతికినవాళ్ళు యానాదులు. అయ్యర్ల ఇంట్లో సాంబారు మరిగినా, దొరల బంగళాలో రొట్టె కాలినా, ఆ కట్టె వెనక ఉన్న చెమట యానాదులది, పడవవాళ్ళది. 1969లో ఆ దీవిని రాకెట్ల కోసం ఎంచుకున్నారు. 1971 నుంచి అక్కడ వేరే రకం నిప్పు మండుతోంది.

రెండో కట్టె సరుగుడు. తమిళంలో సవుక్కు. ఇందులో మా రైల్వే పాత్ర ఉంది. 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు దక్షిణ దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. బొగ్గు ఇంగ్లండు నుంచి ఓడలో రావాలి, ఖర్చు ఎక్కువ. కాబట్టి మద్రాసు వైపు ఇంజన్లు చాలా ఏళ్ళు కట్టెలే తిన్నాయి. అడవులు తరిగిపోతుంటే 1860ల తర్వాత సముద్రతీరం ఇసుక నేలల్లో సరుగుడు తోటలు వేయించారు. చెట్టు తొందరగా పెరుగుతుంది, కట్టె గట్టిది, సెగ ఎక్కువ. ఇంజను కోసం వేసిన ఆ తోటలే తర్వాత ఊరి పొయ్యిలకు పనికొచ్చాయి.

ఇంజను కట్టె నుంచి బొగ్గుకు మారడంలోనూ తెలుగు నేల ఉంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. అదే సింగరేణి. 1899లో బెజవాడ–మద్రాసు రైలు దారి కలిసింది. ఇంజనుకు మంచి బొగ్గు దొరికింది. పొగ పైకి పోవడానికి ఇంజనుకు మొదటి రోజు నుంచే గొట్టం ఉంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఇప్పుడు మా ఊరి సంగతి. మాది కోవిల్‌పట్టి వైపు కరిసల్ సీమ, అంటే నల్లరేగడి. ఆ పల్లెల్లో తెలుగువాళ్ళు ఎలా వచ్చి స్థిరపడ్డారో కి. రాజనారాయణన్ గారు 'గోపల్ల గ్రామం' నవలలో రాశారు. ఆయన ఊరు ఇడైసెవల్ కోవిల్‌పట్టి దగ్గరే. ఇంట్లో తెలుగు, రాత తమిళం. 1991లో ఆయనకు సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన కథలు చదివినవారికి తెలుసు, కరిసల్ సీమలో చెట్టు నీడ దొరకడం ఎంత కష్టమో. చెట్టే లేనిచోట కట్టె ఎక్కడిది? మా అవ్వల పొయ్యిలో మండింది పత్తి కట్టె, సజ్జ దంట్లు, పిడకలు.

పత్తి ఏరడం అయ్యాక మోళ్ళు పీకి, మోపులు కట్టి, ఇంటి వెనక వామి వేసేవారు. మళ్ళీ పత్తి వచ్చేదాకా అదే ఆధారం. పత్తి కట్టె గప్పున మండి గప్పున ఆరిపోతుంది. కాబట్టి వంట అయ్యేదాకా ఒక మనిషి పొయ్యి ముందు కూర్చుని పుల్ల తర్వాత పుల్ల తోస్తూ ఉండాలి. కూరకు ఎసరు పెట్టి పక్కింటికి వెళ్ళి మాట్లాడి వద్దామంటే కుదరదు. ఐప్పసి, కార్తీక మాసాల్లో వాన పడితే వామి తడిసిపోతుంది. తడి పుల్లను ఊదుడు గొట్టంతో ఊది ఊది మండించాలి. ఆ రెండు నెలలు ఇల్లంతా పొగ. కాలానికి తగిన వంట అని హోటలు పట్టీలో రాసుకున్నారే, మా అవ్వకు కాలానికి తగిన పొగ కూడా ఉండేది.

ఆ కష్టం కొంత తీరింది ఒక చెడ్డపేరు తెచ్చుకున్న చెట్టు వల్ల. తమిళంలో సీమై కరువేలం అంటాం, వేలికాత్తాన్ అని కూడా అంటాం. ఆంధ్రలో సర్కారు తుమ్మ. పుట్టుక మెక్సికో, దక్షిణ అమెరికా వైపు. 1876లో మద్రాసు రాజధాని అడవుల అధికారి బెడ్డోమ్ ఎండు నేలల్లో వేయడానికి దీని విత్తనాలు కావాలని సర్కారుకు రాశాడు. ఆ తర్వాత కడప జిల్లా కమలాపురంలో నాటారు. సర్కారు వేసింది కాబట్టి సర్కారు తుమ్మ. చూడండి, 1876 జనవరిలోనే మదురై–తూత్తుకుడి రైలు మా ఊరి మీదుగా నడిచింది. అదే ఏడాది కరువు మొదలైంది. అదే ఏడాది ఈ విత్తనాల ఉత్తరం. రైలు, కరువు, తుమ్మ మూడూ ఒకే ఏడాది మాటలు.

ఆ తుమ్మ మెల్లగా దక్షిణానికి వచ్చి రామనాథపురం, విరుదునగరం, తూత్తుకుడి అంతా పరుచుకుంది. చెరువులు ఆక్రమించింది, వేరే మొక్కను బతకనివ్వదు. కొట్టేయమని హైకోర్టు దాకా వెళ్ళింది వ్యవహారం. నిజమే. కానీ ఒక మాట. మా అమ్మ కాపురానికి వచ్చాక తుమ్మ కట్టె దొరకడం మొదలైంది. అది నిలకడగా మండుతుంది, నిప్పు చాలాసేపు ఉంటుంది. పుల్లలు తోస్తూ కూర్చునే పని సగం తగ్గింది. ఆ చెట్టును తిట్టేటప్పుడు మా అమ్మ నోరు కలపదు.

ఆ చెట్టే కట్టె బొగ్గు కూడా. మేము మానామదురై వైపు గూడ్సు షెడ్డులో నాలుగేళ్ళు పనిచేశాం. బొగ్గు బస్తాలు తూకం వేసి రసీదు రాసిన చేయి ఇది. సాయంత్రానికి చొక్కా, ముక్కు, లెడ్జరు అన్నీ నలుపే. బొగ్గు చేసేవాళ్ళు కట్టెను గుండ్రంగా పేర్చి, ఆకులు, గడ్డి కప్పి, పైన మట్టి పూసి నిప్పు పెడతారు. గాలి తగలకుండా కొన్ని రోజులు లోలోపల కాలాలి. రాత్రిళ్ళు కూడా కాపలా ఉండాలి. ఎక్కడైనా మట్టి పగిలి గాలి దూరితే అంతా బూడిద. హోటలు కుర్రవాడు మా బొగ్గు రామనాథపురం నుంచి వస్తుందని గొప్పగా చెప్పినప్పుడు, ఆ రసీదు పుస్తకం కళ్ళముందు తిరిగింది.

ఇక పొగ సంగతి. కట్టెల పొయ్యికి గొట్టం పెట్టడం రాకెట్టు విద్య కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్.పి. రాజు గారు పొగలేని పొయ్యి తయారుచేశారు. మట్టితో కట్టే పొయ్యి, దానికి ఒక గొట్టం. దాని గురించి ఆయన ఇంగ్లీషులో రాసిన చిన్న పుస్తకం 1953లో మద్రాసులోనే అచ్చయింది. ఒక తెలుగు పరిశోధనశాల తయారుచేసింది, మన నగరంలో అచ్చయింది, ఖర్చు తక్కువ. అయినా మా ఊళ్ళో ఒక్క ఇంట్లో కూడా ఆ గొట్టం మేము చూడలేదు. 1980లలో కేంద్ర సర్కారు కూడా మెరుగైన పొయ్యిల పథకం తెచ్చింది. అదీ మా వీధి దాకా రాలేదు.

రాలేదు అని అనడం సులువు. మేము తెచ్చామా? ఇది రాయడానికే మాకు ఇన్ని రోజులు పట్టింది. మా నైనా పత్తి బాగా పండిన ఏడాది రేడియో కొన్నాడు. మేము ఉద్యోగంలో చేరిన మూడో ఏట మోపెడ్ కొన్నాం. ఇంజనుకు గొట్టం ఎందుకుందో తెలిసిన రైల్వే మనుషులం. ఫైరుమన్లు, డ్రైవర్లు మా స్నేహితులు. మా అమ్మ పొయ్యికి రెండు మూరల రేకు గొట్టం పెట్టించాలని మాకు ఒక్కరోజు కూడా తోచలేదు. అమ్మ దగ్గితే చలిగాలి అన్నాం. కళ్ళు ఎర్రబడితే నిద్ర చాలలేదు అన్నాం. రైల్వే క్వార్టర్సులో మా ఇంటికి గ్యాసు కోసం పేరు రాసుకుని ఏళ్ళు కాచుకుని తెచ్చుకున్నాం. ఊళ్ళో అమ్మకు గ్యాసు వచ్చింది 2007లో, తమిళనాడు సర్కారు ఉచితంగా ఇచ్చినప్పుడు. ఆంధ్రలో దీపం పథకం 1999లోనే వచ్చింది. దేశమంతటికీ ఉజ్జ్వల 2016లో వచ్చింది. అప్పటికి మా అమ్మ యాభై ఏళ్ళు పొగ మింగింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఇంటి పొగ వల్ల ప్రపంచంలో 2020లో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వంటింట్లో ఎక్కువసేపు ఉండేది ఆడవాళ్ళు, వాళ్ళ ఒడిలోని చిన్నపిల్లలు.

మళ్ళీ హోటలుకు వద్దాం. భోజనం అయ్యాక మా అమ్మ ఆ పొయ్యి దగ్గరికి వెళ్తానని పట్టుబట్టింది. వాళ్ళు మర్యాదగా లోపలికి రానిచ్చారు. మంట ముందు ఉన్న కుర్రవాడు మాతో హిందీలో మొదలుపెట్టాడు. మా అమ్మ తెలుగులో ఏదో అంటే చటుక్కున తెలుగులోకి వచ్చేశాడు. ఒడిశాలో బరంపురం దగ్గర ఊరు, ఇంట్లో తెలుగే. మా అమ్మ వాడి ముఖం తుడుచుకోమని కొంగు ఇచ్చింది. "నీకు దగ్గు లేదు గదా నాయనా?" అని అడిగింది. లేదమ్మమ్మా, గొట్టం ఉంది గదా, వేడే గానీ పొగ లేదు అన్నాడు. మరి మీ అమ్మ దేని మీద వండుతుంది అంటే కొంచెం ఆగి చెప్పాడు. సిలిండరు ఉంది, పండగకూ చుట్టాలు వచ్చినప్పుడూ వాడుతుంది, రోజూ అయితే కట్టెలే, సిలిండరు మళ్ళీ నింపాలంటే డబ్బు కావాలి గదా అన్నాడు.

గొట్టం కింద కొడుకు వండుతున్నాడు. ఇంట్లో తల్లి గొట్టం లేకుండా వండుతోంది. ఆ మాట విన్నాక తిన్నది చేదు అనిపించిందని అనం. తేగల రుచి ఇంకా నోట్లోనే ఉంది. కానీ ఆ హోటలు మనకు అమ్మింది మన అవ్వల వంటలో సగమే. మిగిలిన సగం, అంటే పొగ, మండుతున్న కళ్ళు, తడిసిన వామి, ధర పట్టీలో ఉండదు. మనం చరిత్ర రాసుకునేటప్పుడు కూడా రుచి రాసి పొగ వదిలేస్తే, మన రాతా హోటలు పట్టీ లాంటిదే అవుతుంది.

ఇక అసలు విషయం. మన మండపం వెనక రేకుల షెడ్డులోని పాత కట్టెల పొయ్యిలు పడగొట్టి అంతా గ్యాసు పెట్టాలని కొందరు, అవి ఉంచి "మన అవ్వల కట్టెల పొయ్యి విందు" అని పేరు పెట్టి పెళ్ళిళ్ళకు అద్దె పెంచాలని కొందరు అన్నారు. రెండో మాట అన్నవారి ఆలోచన తప్పు కాదు. సాంబారుకూ, సంగటికీ ఆ సెగ వేరే. మన పిల్లలు దాన్ని చూడాలి కూడా. మేము దానికి అడ్డం రాము.

కానీ ఆ షెడ్డులోకి మీరెప్పుడైనా ముహూర్తం వంట జరిగేటప్పుడు వెళ్ళారా? మేము పోయిన ఆవణి మాసంలో వెళ్ళాం. తెల్లవారుజామున మూడున్నర. రేకులు కిందికి ఉన్నాయి, ఒక్క కిటికీ. పాత్రలు తోమే ఇద్దరు ఆడమనుషులు, వంట మనుషులు ఐదుగురు పొగలో ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా ఉన్నారు. బయట పందిట్లో మనం సన్నాయి వింటూ వాసన బాగుందని అనుకుంటున్నాం. వంట మనుషుల్లో పెద్దాయన మమ్మల్ని చూసి, అయ్యా ఇక్కడ నిలబడకండి, కళ్ళు మండుతాయి అన్నాడు.

కాబట్టి మా సూచన ఇది. పొయ్యిలు ఉంచండి. రేకుల కప్పు ఎత్తు పెంచండి, పొయ్యి పొయ్యికీ గొడుగు, గొట్టం పెట్టండి, ఫ్యాను బిగించండి. కట్టెలు తడవకుండా విడిగా ఒక గది కట్టండి. ఎలా కట్టాలో మేస్త్రీని అడిగే ముందు ఆ వంట మనుషులనూ, పాత్రలు తోమేవాళ్ళనూ కూర్చోబెట్టి అడగండి. పెంచిన అద్దెలో వాళ్ళ కూలీకి కొంత పోవాలి. ఇవి చేయలేకపోతే గ్యాసే పెట్టేద్దాం, అవ్వల పేరు ఎత్తవద్దు. గొట్టానికి ఎంత అవుతుందో ఒక మేస్త్రీ చేత అంచనా వేయించాం. మన మండపం ముందు కడదామనుకుంటున్న ఆర్చి ఖర్చులో మూడో వంతు కూడా కాదు. కాగితం సర్వసభ్య సమావేశానికి తెస్తాం.

ఇంకొక మనవి. మీ ఇళ్ళలో డెబ్భై దాటిన అమ్మలు, అవ్వలు, అత్తలు ఉంటే, వాళ్ళ పొయ్యిలో ఏ కట్టె మండేదో, ఎక్కడి నుంచి ఎవరు మోసుకొచ్చేవారో అడిగి రాసి పెట్టండి. హొసూరు వాళ్ళ కట్టె వేరు, యానాం వాళ్ళది వేరు, బళ్ళారి వాళ్ళది వేరు, షోలాపూరు వాళ్ళది వేరు. అవన్నీ కలిపితేనే మన చరిత్ర. అడిగేటప్పుడు రుచి ఒక్కటే అడగకండి.

మా అమ్మకు ఈ రాత చదివి వినిపించాం. అంతా విని, "ఆర్చి ఎందుకురా, పెండ్లికి వచ్చేవాళ్ళకు దోవ తెలియదా?" అంది. సమావేశంలో మొదటి పద్దుగా గొట్టాన్నే పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాం.